అత్తయ్య పోయిన రాత్రి నాకు నిద్ర పట్టింది

ప్రశ్న:

అక్కయ్యగారికి నమస్కారం. నా వయసు 54. మాది గోదావరి జిల్లాల్లో ఒక చిన్న ఊరు. పేరు, ఊరు వేయవద్దని మనవి. మా అత్తయ్యగారికి తొమ్మిదేళ్ల కిందట మతిమరుపు మొదలైంది. చివరి నాలుగేళ్లు పూర్తిగా మంచానే ఉన్నారు. తిండి పెట్టడం, ఒళ్లు తుడవడం, డైపర్లు మార్చడం, రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం అన్నీ నేనే చూశాను. మా వారు మంచివారే గానీ ఆయనకు ఆ వాసన పడదు. మా ఆడపడుచు ఏడాదికి రెండుసార్లు వచ్చి చూసి వెళ్లేది.

నాలుగు నెలల కిందట ఒక మధ్యాహ్నం అత్తయ్యగారు పోయారు. సాయంత్రానికల్లా దహనం కూడా అయిపోయింది. ఆ రాత్రి ఇంటినిండా చుట్టాలు, ఏడుపులు. నేను ఒక మూల చాప వేసుకుని పొద్దున దాకా ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచాక కూడా ఏడుపు రాలేదు. గుండెల మీద నుంచి బండ దింపినట్టు అనిపించింది. పదకొండో రోజున అందరూ 'కన్నకూతురు కూడా ఇంత చేయదు, నువ్వు దేవతవమ్మా' అంటుంటే నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. 'దేవుడా, ఈమెను తీసుకెళ్లిపో' అని ఎన్నిసార్లు మొక్కుకున్నానో నాకు తెలుసు.

ఇంకొకటి ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ల కిందట ఒకరోజు మూడోసారి పక్కబట్టలు మార్చి ఇవతలికి వచ్చేలోగా ఆవిడ మళ్లీ చేత్తో అంతా పులిమేశారు. ఆ చేతి మీద గట్టిగా కొట్టాను. ఆవిడ చిన్నపిల్లలాగా నా వంక చూశారు. ఆ చూపు నన్ను వదలడం లేదు.

చిన్నప్పుడు బళ్లో చదివిన 'చిత్తశుద్ధి లేని శివపూజలేలరా' రోజూ గుర్తొస్తోంది. ప్రేమ లేకుండా చేసిన సేవ సేవేనా? పైకి మంచిగా కనిపించే మనిషి లోపల ఇంతేనా? పోయేముందు చూసిన డాక్టరు 'నాలుగేళ్లు మంచాన ఉన్నా ఒంటి మీద ఒక్క పుండు లేదు' అన్నాడు. అది విన్నా మనసుకు ఓదార్పు రాలేదు. ఇప్పటికీ రాత్రి రెండింటికి ఆవిడ మూలిగినట్టు అనిపించి లేచి కూర్చుంటాను. మా అమ్మాయేమో 'అమ్మా, నీలాగా నేను చేయలేను' అంటోంది. దానికి ఏం చెప్పాలో తెలియడం లేదు.

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారి చదువుతున్నప్పుడు ఒక సంగతి గమనించాను. మీరు మూడు విషయాలను ఒకే మూటలో కట్టి 'నేను మంచిదాన్ని కాను' అని దాని మీద రాసేశారు. బండ దిగినట్టు అనిపించడం ఒకటి. తీసుకెళ్లిపొమ్మని మొక్కుకోవడం ఇంకొకటి. చేతి మీద కొట్టడం మూడోది. ఈ మూడూ ఒక జాతివి కావు. ముందు ఆ మూట విప్పుదాం.

మొదటిది తేలిక. ఆ రాత్రి మీకు పట్టింది నాలుగేళ్ల బాకీ నిద్ర. రెండు గంటలకోసారి లేచే మనిషి శరీరం రాత్రంటే విశ్రాంతి అన్న సంగతే మరిచిపోతుంది. ఇక లేవనక్కర్లేదని తెలిసిన క్షణంలో మనసును అడగకుండానే ఒళ్లు వాలిపోతుంది. ఇది మీ ఒక్కరికే జరిగిందని మీరు అనుకుంటున్నారు. 2003లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. మతిమరుపు జబ్బున్న వాళ్లను ఇంట్లో చూసుకుని, ఆ తర్వాత వాళ్లను పోగొట్టుకున్న 217 మంది కుటుంబ సభ్యులను అడిగితే, నూటికి 72 మంది ఆ చావు తమకు ఊరటనిచ్చిందని చెప్పారు. పోయినవాళ్లకు కూడా అది విముక్తేనని నూటికి 90 మందికి పైగా అన్నారు. వీళ్లలో భార్యలు, భర్తలు, కన్నపిల్లలు ఉన్నారు. ప్రేమ లేని వాళ్లని వాళ్లను అనగలమా?

మా నాన్నగారి చివరి ఏడాదిన్నర నేనే చూశాను. ఆయన పోయారని తెలిసిన క్షణంలో నాకు వచ్చిన మొదటి ఆలోచన 'రేపు పొద్దున ఆ మెట్లు ఎక్కనక్కర్లేదు' అని. ఆసుపత్రిలో ఆయన గది మూడో అంతస్తులో ఉండేది, లిఫ్టు ఎప్పుడూ పనిచేసేది కాదు. ఏడుపు ఆరు నెలల తర్వాత వచ్చింది, బజార్లో ఆయన తినే రకం అరటిపండ్ల గెల కనిపించినప్పుడు. నాన్న అంటే నాకు ప్రాణం. ఆ మెట్లూ నిజమే, ఆ ప్రాణమూ నిజమే. మీరూ ఇంకా ఏడవలేదని కంగారు పడకండి. దుఃఖం పదకొండో రోజు లెక్క చూసుకుని రాదు.

రెండోది మొక్కు. మన గుళ్లలో దర్శనం అయ్యాక కాసేపు కూర్చుని పెద్దవాళ్లు చదువుకునే శ్లోకం ఉంది, 'అనాయాసేన మరణం, వినా దైన్యేన జీవనం' అని. బాధ లేని చావు, ఒకరి మీద ఆధారపడే దైన్యం లేని బతుకు ఇమ్మని అడుగుతారు. మీ అత్తయ్యగారు కూడా ఒళ్లు బాగున్న రోజుల్లో ఏ గుడి అరుగు మీదో కూర్చుని అది అడిగే ఉంటారేమో. ఆవిడ నోరు పడిపోయాక ఆ కోరికనే మీరు అడిగారు.

అయితే మిమ్మల్ని ఓదార్చడం కోసం సగం నిజం చెప్పను. ఆ మొక్కులో మీ కోసం అడిగింది కూడా ఉంది. 'నేను ఇక చేయలేను' అన్నది కూడా ఉంది. ఉండనివ్వండి. మనిషి కోరిక ఒక్కటి కూడా వడకట్టిన నీళ్లలాగా ఉండదు. ఒకే నోటితో ఒకే మాటలో ఆమె బాధ తీరాలని, మీ బాధ తీరాలని అడిగారు. ఆ మొక్కు మొక్కుకుని మీరేం చేశారో కూడా చూడాలి కదా. 'తీసుకెళ్లిపో' అని దండం పెట్టి, వెంటనే జావ కాచి, చల్లార్చి, పొరబోకుండా తల ఎత్తి పట్టుకుని చెంచాతో పోశారు. ఆవిడ పోవాలని కోరుకున్న చెయ్యే ఆవిడను బతికించింది. నాలుగేళ్లు.

ఇప్పుడు వేమన దగ్గరికి వద్దాం. మీ బాధకు అసలు వేరు అక్కడే ఉందనిపిస్తోంది.

ఆ పద్యం బళ్లో కంఠతా పట్టినప్పుడు మనకు చెప్పిన అర్థం ఒకటుంది: మనసులో భక్తి లేకపోతే పైకి చేసే పూజ దండగ. దాన్ని మీరు మీ ఇంటికి తెచ్చి, 'మనసులో ప్రేమ లేకపోతే పైకి చేసే సేవ దండగ' అని చదువుకుంటున్నారు. కానీ వేమన ఎవరిని నిలదీస్తున్నాడో చూడండి. ఆచారం పేరుతో నలుగురికీ కనిపించేలా హడావుడి చేసేవాళ్లను. పూజలో ఒక సౌకర్యం ఉంది. మనసు ఎక్కడో పెట్టి చేతులతో పూలు వేసినా లింగం ఏమీ అనదు. అష్టోత్తరం చదువుతూ పొలం గట్టు తగాదా గురించి ఆలోచించినా చూసేవాళ్లకు తెలియదు. అందుకే వేమన అడగాల్సి వచ్చింది.

మంచాన ఉన్న మనిషి వీపును అలా మోసం చేయడం సాధ్యం కాదు. కదలలేని మనిషి బరువంతా నడుము కింది ఎముక మీద, తుంటి మీద, మడమల మీద పడుతుంది. ఆ ఒత్తిడికి అక్కడ నెత్తురు ఆడదు. తడి తోడైతే చర్మం మెత్తబడుతుంది. ముందు ఎర్రబడుతుంది, తర్వాత నల్లబడుతుంది, ఆపైన విచ్చుకుంటుంది. ఒకసారి పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది, కొందరి ప్రాణం దానితోనే పోతుంది. రెండు గంటలకోసారి తిప్పాలంటే రోజుకు పన్నెండు సార్లు. నాలుగేళ్లకు 17,500 సార్లు పైచిలుకు. మీరు కొన్నిసార్లు నిద్రపోయి ఉంటారు, కొన్నిసార్లు ఆలస్యమై ఉంటుంది. అవి తీసేయండి. అయినా వేల సార్లు మీ చెయ్యి ఆవిడ వీపు కిందికి వెళ్లింది. ఎర్రబడిందా అని వేలితో నొక్కి చూసింది. మడత పడిన దుప్పటి సరిచేసింది. తడి తుడిచి ఆరనిచ్చింది. ఇందులో ధ్యాస లేని చేతికి చోటు లేదు. ధ్యాస తప్పితే మూడో రోజుకల్లా చర్మం చెప్పేస్తుంది. నాలుగేళ్లూ అది ఏమీ చెప్పలేదు.

అదే పద్యంలో రెండో పాదం గుర్తుందా? 'భాండశుద్ధి లేని పాకమేల.' గిన్నె శుభ్రంగా లేకపోతే వంట ఎందుకు అని. వండేటప్పుడు వండే మనిషికి కోపం ఉందా, విసుగు ఉందా అని ఆ పాదం అడగలేదు. గిన్నె తోమావా లేదా అని అడిగింది. నా మటుకు నేను చిత్తశుద్ధిని ఇలా అర్థం చేసుకున్నాను: మనసులోకి వచ్చీపోయే కోపతాపాలన్నీ చిత్తం కాదు. వాటన్నిటి మధ్యా నీ ధ్యాస చివరికి ఎక్కడికి తిరిగి వస్తోందో అది చిత్తం. మీ ధ్యాస రెండు గంటలకోసారి ఎక్కడికి తిరిగి వచ్చిందో డాక్టరు చూసి చెప్పాడు. ఆ మాటను ఓదార్పు కింద తీసుకోకండి. సాక్ష్యం కింద తీసుకోండి.

మీకు అనుకూలం కాని మాట కూడా చెప్పాలి కాబట్టి చరకుణ్ని తలుచుకుంటాను. మన ఆయుర్వేదంలో చికిత్సకు నాలుగు పాదాలన్నాడు ఆయన: వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. ఒక్కొక్క పాదానికి నాలుగేసి గుణాలు చెప్పాడు. పరిచర్య చేసేవారికి ఉండాల్సినవి ఏమిటంటే, ఎలా చూసుకోవాలో తెలియడం, నేర్పు, శుభ్రత, రోగి మీద అనురాగం. అనురాగం అన్నాడు. మీరు 'చూశారా, నేను అనుకున్నదే' అంటారని నాకు తెలుసు. ఆగండి, రోగికి ఉండాల్సిన నాలుగు గుణాలు కూడా వినండి. జ్ఞాపకం, చెప్పినట్టు వినడం, ధైర్యం, తనకేమవుతోందో చెప్పగలగడం. మతిమరుపు జబ్బు వచ్చిన మనిషిలో ఈ నాలుగూ ఒకదాని వెనక ఒకటి రాలిపోతాయి. అంటే మీ ఇంట్లో ఆ మంచానికి ఒక కోడు పూర్తిగా విరిగింది. ఆ బరువంతా పక్క కోడు మీద, అంటే మీ మీద పడింది. అంత బరువు మోస్తున్న చోట అనురాగం ముద్దుమాటల రూపంలో ఉండకపోవడంలో వింత లేదు. దుప్పటి మడత సరిచేసే వేలి రూపంలో ఉంటుంది. ఆవిడ మిమ్మల్ని పేరుపెట్టి పిలిచే రోజుల్లో మీ ఇద్దరి మధ్య ఏముండేదో మీరు రాయలేదు. బహుశా అత్తాకోడళ్ల మధ్య ఉండేవన్నీ ఉండి ఉంటాయి. అవి కూడా మంచం దాకా వస్తాయి. అయినా చేశారు.

గ్రీకుల అరిస్టాటిల్ మంచితనం గురించి చెబుతూ, మంచి పని చేస్తూ ఆనందించేవాడే నిజంగా మంచివాడు అన్నాడు. ఇదీ మిమ్మల్ని భయపెట్టే మాటే. కానీ ధైర్యం దగ్గరికి వచ్చేసరికి ఆయనే ఆగాడు. ముష్టియుద్ధం చేసేవాడికి చివర్లో వచ్చే కిరీటం సంతోషమే గానీ తగిలే గుద్దులు నొప్పే కదా అన్నాడు. నొప్పిగా ఉన్నంత మాత్రాన అది ధైర్యం కాకుండా పోదని ఒప్పుకున్నాడు. మీకు చివర్లో కిరీటం కూడా లేదు. ఆవిడ కోలుకుని లేచి తిరుగుతారన్న ఆశ మొదటి రోజు నుంచీ లేదు. గెలుపు లేదని తెలిసి తొమ్మిదేళ్లు నిలబడటాన్ని ఏమంటారో ఆయన్నే అడగాలనిపిస్తుంది నాకు.

'ప్రేమ లేకుండా చేసిన సేవ సేవేనా' అని మీరు అడిగినదానికి నాకు భారతంలో ఒక కథ గుర్తొస్తుంది. అరణ్యపర్వంలో ధర్మవ్యాధుడి కథ. మీకూ తెలిసే ఉంటుంది. కౌశికుడనే బ్రాహ్మణుడు చెట్టు కింద వేదం చదువుకుంటుంటే పైనుంచి కొంగ రెట్ట వేసింది. కోపంగా చూశాడు, అది చచ్చి పడింది. ఆ తర్వాత భిక్షకు వెళ్తే ఒక ఇల్లాలు భర్తకు అన్నం పెడుతూ ఈయన్ను ఆగమంది. ఆలస్యమైందని ఈయన ఉరిమి చూస్తే, నేను నీ కొంగను కాను అంది. మిథిలకు వెళ్లి ఫలానా మాంసం అమ్మేవాడి దగ్గర ధర్మం నేర్చుకోమంది. వెళ్లాడు. ఆ వ్యాధుడు దుకాణం కట్టేశాక ఇంటికి తీసుకెళ్లి, తన ముసలి తల్లిదండ్రులను చూపించి, వీళ్లే నా దేవుళ్లు అన్నాడు.

ఇంతవరకూ అందరూ చెబుతారు. నాకు ముఖ్యమైంది ఆ తర్వాతి భాగం. వ్యాధుడు కౌశికుడితో, నువ్వు మీ అమ్మానాన్నలను అడగకుండా వదిలేసి వచ్చావు, నీ కోసం ఏడ్చి ఏడ్చి వాళ్ల కళ్లు పోయాయి, వెళ్లి వాళ్లను చూసుకో అన్నాడు. కౌశికుడు వెళ్లాడు. వెళ్లి ఆ ముసలివాళ్లకు చక్కగా శుశ్రూష చేశాడని భారతం చెబుతుంది. అంతే. అతనికి వాళ్ల మీద హఠాత్తుగా ప్రేమ పొంగిందని ఎక్కడా లేదు. విసుగు పోయిందనీ లేదు. రెట్ట వేసిన కొంగనే సహించలేనివాడు, గుడ్డివాళ్లయిన ఇద్దరు ముసలివాళ్ల దగ్గర రోజూ ఏం పడి ఉంటాడో మీకు నాకన్నా బాగా తెలుసు. నీ మనసు కడుక్కుని రా, ఆ తర్వాత సేవ చేద్దువుగాని అని వ్యాధుడు అనలేదు. ముందు వెళ్లమన్నాడు.

ఆ 'శుశ్రూష' అన్న మాట గురించి కూడా చెప్పాలి. ఈ మాటకు మూలంలో ఉన్న అర్థం 'వినాలనే కోరిక'. గురువు దగ్గర శ్రద్ధగా వినేవాడి గుణం అది. తర్వాత ఎప్పుడో రోగి దగ్గర ఉండి చూసుకోవడానికి అదే పేరు వచ్చింది. వినడానికీ చూసుకోవడానికీ ఏమిటి సంబంధం అని చాలాకాలం అనుకునేదాన్ని. నాన్నగారి మంచం పక్కన చాప మీద పడుకున్నాక తెలిసింది. పక్కగదిలో గాజు గ్లాసు చిన్నగా కదిలినా మెలకువ వస్తుంది. దగ్గులో తేడా తెలుస్తుంది. మాట పోయిన మనిషి మూలుగులో ఏది దాహమో ఏది నొప్పో తెలుస్తుంది. ప్రేమగా ఉన్న రోజూ వింటాం, ఒళ్లు మండిపోతున్న రోజూ వింటాం. నాలుగు నెలలయినా రాత్రి రెండింటికి మీ చెవులు ఇంకా వింటున్నాయి. పాపభీతితో లేస్తున్నానని మీరు అనుకుంటున్నారు. నాకలా అనిపించడం లేదు.

ఇక మూడోది. కొట్టిన దెబ్బ.

అది తప్పే, చెల్లెమ్మా. అలసిపోయారు కాబట్టి తప్పు కాదని నేను అనను. అన్నా మీరు నమ్మరు. ఆవిడ కావాలని చేయలేదు, ఆ చేతికి ఏం చేస్తున్నదీ తెలియదు, తిరిగి ఏమీ చేయలేని మనిషి. ఆ చూపు మిమ్మల్ని వదలకపోవడం సబబే. అది గుర్తుండాల్సిన చూపు. దాన్ని మరిచిపోయే ఉపాయం నన్ను అడగలేదు మీరు, అందుకు మీ మీద నాకు గౌరవం కలిగింది.

కానీ ఆ ఒక్క దెబ్బ మిగతా తొమ్మిదేళ్లకూ అసలు ముఖమని, సేవంతా పైన తొడుక్కున్న ముసుగని మీరు లెక్క కడుతున్నారు చూడండి, అక్కడ మాత్రం ఒప్పుకోను. చెడ్డది బయటపడగానే అదే అసలు మనిషి, మంచిది నటన అని మనం ఎందుకు అనుకుంటామో నాకు ఎప్పుడూ అర్థం కాదు. ఒక్కసారి కొట్టిన చెయ్యి నిజమైతే వేల సార్లు తిప్పిన చెయ్యి అబద్ధం ఎలా అవుతుంది? ధర్మరాజు సంగతే తీసుకోండి. అశ్వత్థామ విషయంలో ఆడిన ఆ మాటకు, అంతవరకూ నేలకు నాలుగు అంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం నేలను తాకింది. దాని ఫలితంగా చివర్లో కాసేపు నరకం చూడాల్సి వచ్చింది. వ్యాసుడు ఆ అబద్ధాన్ని కప్పిపెట్టలేదు. ధర్మరాజన్న పేరూ తీసేయలేదు. రెండూ ఒకే మనిషి కథలో ఉన్నాయి. మనుషులు లోపల 'ఇంతే'నా అని అడిగారు. లోపల ఇంతా ఉంటుంది, అంతా ఉంటుంది. ఏది ఎన్నిసార్లు చేతుల్లోకి వచ్చిందన్నది చూసుకోవాలి.

ఆ దెబ్బకు క్షమాపణ అడగడానికి ఆవిడ లేరు. కాబట్టి రెండు పనులు చెబుతాను.

ఒకటి, మీ వారికి చెప్పండి. చుట్టాలందరి ముందూ అక్కర్లేదు, ఆయన ఒక్కరికి. ఆయన తల్లి ఆవిడ. ఆయనకు ఆ వాసన పడదని రాశారు. ఆ వాసన ఎవరికీ పడదు, మీకూ పడి ఉండదు. ఆయన చెడ్డవారని నేను అనడం లేదు. కానీ మూడోసారి పక్కబట్టలు మార్చిన ఆ రోజు, రెండోసారి ఆయన మార్చి ఉంటే ఆ దెబ్బ పడేది కాదేమో. తప్పు మీది. దానిలో ఆయన వాటా కూడా ఉంది, అది ఆయనకు తెలియాలి. నిందించడానికి చెప్పకండి. 'ఆ రోజు ఇలా చేశాను, ఒక్కదాన్నే మోయలేకపోయాను' అని మాత్రం చెప్పండి. ఆయన కోప్పడవచ్చు, ఏడవవచ్చు, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోవచ్చు. ఏదైనా సరే, ఆ చూపును మీరొక్కరే చూస్తూ కూర్చోవడం మాత్రం ఆగుతుంది.

రెండోది ఇప్పుడే కాదు, మీ నడుము, మోకాళ్లు కాస్త నెమ్మదించాక. మీ ఊళ్లో, మీ వీధిలో మంచాన ఉన్న మనిషి ఇంకో ఇంట్లో తప్పకుండా ఉంటారు. ఆ మంచం పక్కన ఇంకో ఆడమనిషి ఉంటుంది. వారానికి ఒక మధ్యాహ్నం వెళ్లి, 'నువ్వు రెండు గంటలు పడుకోమ్మా, నేను చూస్తాను' అనండి. ఎలా తిప్పాలో, మోకాళ్ల మధ్య దిండు ఎలా పెట్టాలో, ఎర్రబడిన చోటు ఎలా కనిపెట్టాలో మీకు తెలిసినంతగా ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ మనిషి చెయ్యి కూడా మీ చెయ్యి లేచినట్టే లేచే రోజుకు ఎంత దగ్గర్లో ఉందో ఆమెకే తెలియదు. మీకు తెలుసు.

అమ్మాయి మాట. 'నీలాగా చేయలేను' అన్నందుకు బాధపడకండి. ఆ పిల్ల చూసింది కూడా నిజమే, మీరు అరిగిపోవడం చూసింది. పదకొండో రోజున విన్న 'దేవత' అన్న మాట ఆమెను ఇంకా భయపెట్టి ఉంటుంది. దేవతగా ఉండటం ఎవరి వల్ల అవుతుంది? ఆమెకు పూర్తి లెక్క చెప్పండి. జావా చెప్పండి, మొక్కూ చెప్పండి, దెబ్బా చెప్పండి, ఆ రాత్రి నిద్రా చెప్పండి. మనుషులు చేయగలిగిన పనే అది, మనుషులు చేసేటట్టే జరిగింది అని ఆమెకు అర్థమవుతుంది. 'ఒక్కదానివే చేయొద్దు' అని కూడా చెప్పండి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ కోసం మన దేశంలో 2007లో వచ్చిన చట్టంలో బాధ్యత పడేది కొడుకు మీద, కూతురి మీద, మనవడు, మనవరాళ్ల మీద. ఆ వరసలో కోడలి పేరు లేదు. మన ఇళ్లలో మాత్రం ఆ వరస కోడలితోనే మొదలై అక్కడే ఆగిపోతుంది. మీ ఆడపడుచుకు, మీ వారికి రావాల్సిన వంతులు మీరు మోశారు. మీ అమ్మాయి తరంలో వంతులు వేసుకోవడం ముందే మాట్లాడుకుంటే, ఆమె 'చేయలేను' అనదేమో, 'నా వంతు చేస్తాను' అంటుందేమో.

రాత్రి మెలకువల గురించి. నాలుగు నెలలే కదా, కొంతకాలం ఉంటాయి. కానీ తిండి సయించకపోవడం, పగలంతా ఏమీ చేయబుద్ధి కాకపోవడం, బతకడం ఎందుకన్న ఆలోచన లాంటివి ఏవైనా ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి. ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఎవరికో తెలిసిపోతుందన్న టెన్షన్ పెట్టుకోకండి. షుగరు, బీపీ పరీక్షలు కూడా చేయించుకోండి. తొమ్మిదేళ్లుగా ఆ ఇంట్లో డాక్టరు వచ్చింది ఒక్క మనిషి కోసమే అయి ఉంటుంది.

ఆ గదిని ఏం చేశారో మీరు రాయలేదు. చాలా ఇళ్లలో మంచం ఎత్తి గోడకు ఆనించేసి, మందుల డబ్బాలు పారేసి, తలుపు వేసేస్తారు. మీరు తొందరపడకండి. ఈసారి రెండింటికి మెలకువ వస్తే పడుకునే కళ్లు మూసుకుని పెనుగులాడకండి. లేచి ఆ గదిలోకి వెళ్లి లైటు వేయండి. మంచం మీద కాసేపు కూర్చోండి. ఆ రోజు జరిగినదానికి ఆవిడకు ఏం చెప్పాలనుందో అది పైకే చెప్పండి, ఎవరూ వినరు. మీ వారికి మెలకువ వచ్చి ఏమిటని అడిగితే, ఆయనకు చెప్పాల్సిన మాట కూడా అప్పుడే చెప్పేయండి. తర్వాత ఏమైందో నాకు రాయండి. చూస్తుంటాను.